ఇంతకీ... హంతకుడెవరు?

గదికి లోపల గడియ. నేలమీద శవం. గుమ్మం దగ్గర ముగ్గురు మనుషులు. ముగ్గురిదీ ఒకటే మాట... 'ఆ టైములో నేనక్కడ లేనండీ' అని. ఇంతలో కళ్లద్దాల బుడతడొకడు కిటికీ వంక చూసి టక్కున ఆగిపోతాడు. వాడి ముఖంలో ఓ మెరుపు. 'ఓహో... అదా సంగతి!' అనుకుంటాడు. వాడికి తెలిసిపోయింది. మనకు తెలీలేదు. ఆత్రంగా పేజీ తిప్పుతామా... అక్కడ కథ ఉండదు. మిగతాది వచ్చేవారం!

మన దగ్గర దాన్ని 'సశేషం' అంటారు. ఆ మూడక్షరాల మాట తెలుగు పాఠకుల్ని పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. వారపత్రిక గుమ్మంలో పడగానే 'ముందు నేనంటే నేను' అని లాక్కున్న అక్కాతమ్ముళ్లూ, వంటింట్లో పోపు మాడిపోతున్నా సీరియల్ పేజీ వదలని అమ్మలూ ఉండేవారు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలని అద్దెకు తెచ్చుకుంటే, చివరి రెండు పేజీలూ ఎవరో పుణ్యాత్ముడు చింపేసిన అనుభవం కూడా చాలామందికి ఉండే ఉంటుంది. అంతకన్నా ఘోరం- మొదటి పేజీలోనే పెన్సిల్‌తో 'హంతకుడు ఫలానా' అని రాసిపెట్టడం!

జపాన్‌లో అలాంటి 'సశేషం' ఒకటి 1994 జనవరిలో మొదలైంది. ఇప్పటికీ పూర్తికాలేదు. దాని పేరు 'డిటెక్టివ్ కానన్'.

ప్రేమ, హత్య... పక్కపక్కనే

షోగకుకాన్ అనే ప్రచురణ సంస్థ వేసే 'వీక్లీ షోనెన్ సండే' పత్రికలో వచ్చే బొమ్మల సీరియల్ ఇది. రాసేదీ గీసేదీ గోషో అయోయామా. 1963లో టొట్టొరి ప్రాంతంలో పుట్టారు. తన కథ ఏ రకమని అడిగితే ఆయన చెప్పే మాట తమాషాగా ఉంటుంది... హత్యలున్న ప్రేమ హాస్యకథ అట!

కథేంటంటే- షినిచి అనే హైస్కూలు కుర్రాడు. పోలీసులు తలపట్టుకున్న కేసుల్ని చిటికెలో తేల్చేస్తుంటాడు. చిన్ననాటి నేస్తం రాన్‌తో కలిసి ఓరోజు ఎమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్తాడు. అక్కడ నల్లదుస్తులేసుకున్న ఇద్దరి చీకటి వ్యవహారం చూడబోయి దొరికిపోతాడు. వాళ్లు బలవంతంగా ఓ మాత్ర మింగిస్తారు. చావాల్సినవాడు చావలేదు సరికదా, ఒకటో తరగతి పిల్లాడంత అయిపోతాడు. తాను బతికే ఉన్నానని తెలిస్తే తనవాళ్లకీ ముప్పే. అందుకే కానన్ అని దొంగపేరు పెట్టుకుని రాన్ ఇంట్లోనే చేరతాడు. ఆమె తండ్రి కొగోరో ఓ అంతంతమాత్రపు ప్రైవేటు డిటెక్టివ్. ఆయనకు చేతిగడియారంలోంచి మత్తుసూది కొట్టి నిద్రపుచ్చి, గొంతుమార్చే బో టైతో ఆయన గొంతులోనే కేసు చెప్పేస్తుంటాడు మన బుడతడు. పేరేమో ఆయనకి. తెలివేమో వీడిది!

ఆ దొంగపేరులోనే ఓ గమ్మత్తుంది. పిల్లాడు పెట్టుకున్న పూర్తిపేరు ఎడోగావా కానన్. ఇంటిపేరు జపాన్ అపరాధ పరిశోధన కథల పితామహుడు ఎడోగావా రంపోది. రెండోది షెర్లాక్‌హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్‌ది. ఆ రంపో అన్నదీ కలం పేరే. అమెరికా రచయిత ఎడ్గార్ ఎలన్ పో పేరుని జపాన్ నాలుకతో పలికితే వచ్చిన పేరది. ఈ పోగారితో మనకి కాసేపట్లో పనుంది.

ఆ నల్ల బొమ్మ ఎవరిది?

ఒక్కో కేసు సాధారణంగా మూడు నాలుగు వారాలు నడుస్తుంది. మొదటివారం మనుషుల పరిచయం, ఓ శవం. తర్వాత ఆధారాలు. చివర్లో గుట్టు రట్టు. ఆ మధ్యలో ఉండే వారాలే పాఠకులవి. స్కూలు బస్సుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో, అన్నం కంచాల ముందు... 'వంటవాడే', 'కాదు, ఆ నవ్వుమొహం ఆవిడే' అంటూ వాదులాడుకోవడానికి.

నవలలో హంతకుణ్ని దాచడం కొంత తేలిక. 'ఒక చేయి తలుపు తీసింది' అని రాస్తే సరి. బొమ్మల కథలో ఆ చేయి గీయాలి. గాజులున్నాయా, వాచీ ఉందా, కుడిచెయ్యా ఎడమచెయ్యా... గీతలో అన్నీ తెలిసిపోతాయి. అందుకే అయోయామా హంతకుణ్ని మొత్తం నల్లటి నీడలా గీసేస్తారు. ఆ నీడలో తెల్లటి కళ్లూ, ఓ నవ్వూ తప్ప ఏమీ ఉండవు. ఆడో మగో, ముసలో పడుచో చెప్పలేం. ఆ నల్లబొమ్మ ఎంత పేరు తెచ్చుకుందంటే, అదే నాయకుడిగా జపాన్‌లో ఓ హాస్య కథల సిరీస్ కూడా వచ్చింది!

హంతకుణ్ని దాస్తారు గానీ ఆధారాల్ని దాచరు. అవి మన కళ్లముందే ఉంటాయి. మొదటివారం ఓ మూలన గీసిన టీ కప్పు, ఎవరో సరదాకన్నట్టు అన్న మాట, మూడోవారం ఉరితాడవుతుంది. 'అరె, చూశానే!' అని మనం నుదురు కొట్టుకోవాలి. అప్పుడే ఆటలో న్యాయం ఉన్నట్టు.

ఈ న్యాయానికి లిఖితపూర్వకంగా నియమాలే ఉన్నాయి. 1929లో ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు డిటెక్టివ్ కథలకు పది ఆజ్ఞలు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, దయ్యాలూ మహిమలూ కూడదు, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి... ఇలా. అదే ఏడాది అమెరికాలో ఎలరీ క్వీన్ పేరుతో రాసే ఇద్దరు కజిన్లు ఇంకో అడుగు ముందుకేశారు. నవల మధ్యలో కథ ఆపి 'ఆధారాలన్నీ మీ చేతిలో ఉన్నాయి, ఇక హంతకుణ్ని చెప్పండి చూద్దాం' అని పాఠకుడికి సవాలు విసిరారు.

పోగారి పందెం

సీరియల్ నడుస్తుండగానే హంతకుణ్ని పట్టేయాలన్న సరదా ఈనాటిది కాదు. 1841లో చార్లెస్ డికెన్స్ 'బార్నబీ రడ్జ్' నవలని లండన్ పత్రికలో వారంవారం రాస్తున్నాడు. అందులో పాత హత్య ఒకటుంది. జమీందారు హతమయ్యాడు. దివాను, తోటమాలి మాయమయ్యారు. కొన్నాళ్లకి ఓ శవం దొరికితే బట్టల్ని బట్టి దివానుదే అనుకున్నారు. మరి తోటమాలే హంతకుడా?

అమెరికాలో కొన్ని అధ్యాయాలే చదివిన ఎడ్గార్ ఎలన్ పో, మే 1న ఓ పత్రికలో తన లెక్క అచ్చేయించాడు. చచ్చాడనుకున్న దివానే చంపినవాడు, ఆ శవం తోటమాలిది అన్నాడు. నెలల తర్వాత నవల పూర్తయ్యాక చూస్తే హంతకుడి సంగతి అక్షరాలా నిజమైంది! ఆయన వేసిన మిగతా ఊహలు కొన్ని గురితప్పాయి లెండి. ఇంకో విశేషం... ప్రపంచంలో తొలి డిటెక్టివ్ కథగా చెప్పుకునే పో రచన అచ్చయింది దానికి ఒక్క నెల ముందే, 1841 ఏప్రిల్‌లో. అంటే డిటెక్టివ్ కథా, హంతకుణ్ని ముందే కనిపెట్టే పాఠకుడూ దాదాపు కవలపిల్లలన్నమాట.

అదే డికెన్స్ ఇంకో నవలతో ప్రపంచానికి తీరని బాకీ పడిపోయాడు. 'ఎడ్విన్ డ్రూడ్' అందులో ఓ యువకుడు. రోజా అనే అమ్మాయితో పెళ్లి కుదిరింది. ఆ అమ్మాయి మీద అతని మేనమామ జాస్పర్‌కీ పిచ్చి వ్యామోహం. ఓ క్రిస్మస్ రోజు డ్రూడ్ మాయమయ్యాడు. చంపారా? అసలు చచ్చాడా? పన్నెండు భాగాలుగా రావాల్సిన నవల ఆరు భాగాల దగ్గర ఉండగా, 1870 జూన్ 9న డికెన్స్ కన్నుమూశాడు. జవాబు ఆయనతోనే వెళ్లిపోయింది.

పాఠకులు ఊరుకోలేదు. 1914లో లండన్‌లో రచయితలంతా చేరి జాస్పర్ మీద ఉత్తుత్తి కోర్టు నడిపారు. జడ్జి- ఫాదర్ బ్రౌన్ కథలు రాసిన చెస్టర్‌టన్. జ్యూరీ పెద్ద- బెర్నార్డ్ షా! జ్యూరీ అటూ ఇటూ కాని తీర్పు చెప్పేసరికి చెస్టర్‌టన్ గారు కోర్టు ధిక్కారం కింద తనకి తప్ప అక్కడున్న అందరికీ జరిమానా వేసేశారు. 1985లో న్యూయార్క్‌లో ఇదే కథని సంగీత నాటకంగా వేసినప్పుడు ఇంకో ఉపాయం చేశారు. హంతకుడెవరో ప్రేక్షకులే ఓటేసి తేల్చాలి. ఏ రోజు ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే ఆ రోజుకి వాళ్లే దోషి!

పెద్దాయన మీదే అనుమానం

మళ్లీ మన బుడతడి దగ్గరకొద్దాం. వారాల కేసులు సరే. సంవత్సరాల కేసులు కూడా ఉన్నాయక్కడ. షినిచికి మాత్ర మింగించిన నల్లముఠాలో అందరికీ మద్యం పేర్లే... జిన్, వోడ్కా, వెర్మూత్, బర్బన్. 'బర్బన్ అంటే ఎవరు?' అన్నదొక పెద్ద ప్రశ్న. ముగ్గురు కొత్తవాళ్లని కథలోకి దింపి అయోయామా తమాషా చూశారు. 2012లో రైలు కేసు దాకా తేల్చలేదు. ఆ తర్వాత 'రమ్ ఎవరు?' అంటూ మళ్లీ ముగ్గురు!

వీటన్నిటికీ తల్లి ప్రశ్న ఇంకోటుంది. ఆ ముఠా పెద్ద ఎవరు? ఆ పేరు ఇప్పటికే కథలో వచ్చేసిందని అయోయామా నోరుజారినట్టు చెప్పారు. అంతే. పాఠకులు పాత సంపుటాలన్నీ దుమ్ము దులిపారు. ఎక్కువమంది వేలు చూపించింది ఎవరివైపో తెలుసా? పక్కింటి ప్రొఫెసర్ అగాసా! పిల్లల్ని కారులో తిప్పుతూ, కుర్రాడికి మత్తు గడియారమూ గొంతు మార్చే టై చేసిపెట్టిన బట్టతల పెద్దమనిషి. 'మరీ అంత మంచివాడేంటి? అక్కడే ఉంది కిటుకు' అన్నది వాళ్ల వాదన. చివరికి 'బాబోయ్, ఆయన కాదు' అని రచయితే చెప్పాల్సొచ్చింది.

జవాబు 2017 డిసెంబరులో వచ్చింది. చనిపోతూ ఒకాయన వదిలిన ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు. వాటిని ఒకలా పేరిస్తే ఒక అర్థం, ఇంకోలా పేరిస్తే ముఠా పెద్ద పేరు. ఆ పేరు దాదాపు పదిహేడేళ్ల కిందటే ఓ పాత కేసులో వచ్చింది. అందరూ చదివారు. అందరూ దాటేశారు. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ సెలవుల్లో మొదటి సంపుటం పట్టుకోబోయే పిల్లలుంటారు కదా... మనమెందుకు పెన్సిల్ పట్టుకోవడం!

అసలు డిటెక్టివ్ ఆవిడే

ఈ కథలో జనం పెద్దగా పట్టించుకోని డిటెక్టివ్ ఒకరున్నారు. రాన్. 'ఈ పిల్లాడు షినిచేనేమో' అన్న అనుమానం ఆమెకి ఒకసారి కాదు, పలుమార్లు వస్తుంది. మాట తీరు, కళ్లద్దాలు తీస్తే కనిపించే పోలిక, షినిచి ఫోను ఎప్పుడొస్తుందో అప్పుడే ఈ బుడతడు మాయం కావడం... ఆధారాలన్నీ సరిగ్గానే పోగేస్తుంది. ప్రతిసారీ అతనేదో మాయచేసి తప్పించుకుంటాడు. హత్య కేసుల్లో జవాబు తెలీక మనం గిలగిల్లాడతాం. ఇక్కడ జవాబు మనకి తెలుసు, ఆమెకి తెలీదు. అందుకే రాన్ ఫోను దగ్గర కూర్చుని ఎదురుచూసే పేజీ, శవం ఉన్న పేజీకన్నా బరువుగా ఉంటుంది.

లండన్‌లో బిగ్‌బెన్ గడియారం ముందు షినిచి మనసులో మాట బయటపెడతాడు. ఎన్ని కేసులు విప్పినా నీ మనసు మాత్రం తేలని కేసు అన్నట్టుగా. ఆమె జవాబు క్యోటో యాత్రలో గానీ రాలేదు. అప్పటికి 2017 వచ్చేసింది. సీరియల్ మొదలై ఇరవైమూడేళ్లు! కథలో మాత్రం ఏడాదైనా గడవలేదు. 1994లో స్కూల్లో చదివినవాళ్లు పెళ్లిళ్లై, వాళ్ల పిల్లలు అదే సీరియల్ చదివే వయసుకొచ్చారు. నూరో సంపుటం 2021 అక్టోబరులో వచ్చింది.

మీరూ కనిపెట్టొచ్చు...

* కొగోరో మామయ్య ఎవర్ని దోషి అంటే వాళ్లని ముందు జాబితాలోంచి కొట్టేయండి. ఆయన మొదటి తీర్పు తప్పడం ఆనవాయితీ.

* ఎవరూ చెప్పకుండానే ఎవరికేం తెలుసో చూడండి. శవాన్ని చూడకుండానే 'అయ్యో, వెనకనుంచి కొట్టారే' అన్నవాళ్లని వదలకండి.

* కానన్ ముఖంలో మెరుపొచ్చిన పేజీ దగ్గర ఆగండి. వెనక్కి తిరగండి. ఆధారం మీరు దాటొచ్చినచోటే ఉంది.

* 'ఎందుకు చంపాడు' అన్నది ఆఖర్న. కారణం అందరికీ ఉంటుంది. వీలు ఒక్కరికే ఉంటుంది.

* ముఖం చూసి మాత్రం తేల్చకండి. అయోయామా మీకన్నా ముందే అది ఆలోచించి ఉంటారు!

అనుమానానికి ఖరీదెంత?

ఆ చివరి సూత్రం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. కామిక్స్‌లో 'వంటవాడే హంతకుడు' అని మనం తీర్మానిస్తే, వచ్చేవారం కాదని తేలితే నష్టమేంటి? ఏమీ లేదు. నాలుక కరుచుకుని ఇంకొకరి వైపు వేలు తిప్పుతాం. కాగితం మీద వంటవాడు ఏమీ అనుకోడు.

వీధిలో అలా కాదు. ఇంట్లో ఉంగరం కనిపించకపోతే మొదటి చూపు పనిమనిషి మీదకే పోతుంది. మర్నాడు అది సబ్బుపెట్టెలో దొరుకుతుంది. కానీ ఆ ఒక్కపూట ఆవిడ కొంగుతో కళ్లొత్తుకున్న సంగతిని మళ్లీ ఏ పెట్టెలోంచి తీసిస్తాం? ఊళ్లో ఏ ఘోరమో జరిగితే సాయంత్రానికల్లా వాట్సాప్‌లో ఎవరిదో ఫొటో తిరుగుతుంది. టీవీలో చర్చలు. అప్పటికి పోలీసులు పంచనామా కూడా పూర్తి చేసి ఉండరు. మనం శిక్ష కూడా వేసేసి పడుకుంటాం. ఆ ఫొటోలో ఉన్నవాడికి భార్య ఉంటుంది, స్కూలుకెళ్లే పిల్లలుంటారు. అతను కాదని నెల తర్వాత తేలితే ఆ వార్త లోపలి పేజీలో రెండు లైన్లు.

చిత్రమేంటంటే, ఇంతమంది హంతకుల్ని గీసిన ఆ సీరియల్ నేర్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆధారం దొరికేదాకా హంతకుడికి ముఖం ఉండదు. నల్లనీడే. అక్కడ నిలబడ్డ ముగ్గురూ సమానమే. దొరబాబూ వంటవాడూ ఒక్కటే. తేలాకే ముఖం.

ఇంకో సంగతి. ఏడో సంపుటంలో ఓ దీవిలో జరిగే కేసుంది. పియానో మీద బీథోవెన్ 'మూన్‌లైట్ సొనాటా' మోగినప్పుడల్లా ఓ చావు. కానన్ దోషిని కనిపెడతాడు. కానీ దోషి మంటల్లోనే ఉండిపోతే కాపాడలేకపోతాడు. గెలిచిన కేసే అయినా ఆ పసివాడు అది మరిచిపోడు. చాన్నాళ్ల తర్వాత ఇంకో కేసులో తోటి కుర్రాడితో అంటాడు- నిజం చెప్పి మనిషిని చావువైపు తోసేస్తే, ఆ డిటెక్టివ్‌కీ హంతకుడికీ తేడా లేదన్న అర్థం వచ్చేలా. హంతకుణ్ని కనిపెట్టడం సగం పనే. కనిపెట్టాక వాడూ మనిషేనని గుర్తుంచుకోవడం మిగతా సగం. పిల్లల బొమ్మల పుస్తకంలో ఇంతకంటే పెద్దమాట ఏముంటుంది?

కాబట్టి మీ ఇంట్లో పిల్లలు ఈ పుస్తకం పట్టుకుని 'అమ్మా, హంతకుడు ఎవరో చెప్పుకో' అంటే, 'చదువుకోక ఈ హత్యలేంట్రా' అని కసురుకోకండి. పక్కన కూర్చుని 'నువ్వు చెప్పు... ఎవరనుకుంటున్నావ్?' అని అడగండి. పేరు చెప్పగానే ఇంకో ప్రశ్న వేయండి- 'ఆధారమేంటి?'

ఆ రెండో ప్రశ్న అలవాటైన పిల్లలు రేపు పెద్దయ్యాక, ఫోనులో ఎవరి ఫొటో వచ్చినా టక్కున పక్కవాళ్లకి పంపేయరు. ఒక్క నిమిషం ఆగుతారు.

ఇంతకీ ఆ ముఠా పెద్ద ఎవరంటారా?

సశేషం!